పుస్తకపు మాట, నోటి మాట

మా తిరుమలాయపాలెము ప్రాంతమున వ్యవసాయమును ‘ఎవుసం’ అందురు; మార్గము ‘తొవ్వ’, గేదె ‘బర్రె’. మేము ఈ మాటలతోనే పెరిగితిమి. బడిలో చేరిన పిదప ఇవి తప్పులని ఎఱ్ఱసిరాతో కొట్టివేయబడినవి. పుస్తకపు మాటలు నేర్చినందుకు మాకు విచారము లేదు. అవి లేనిదే పత్రిక చదువలేము, ప్రాచీనకావ్యముల రుచి తెలియలేము. మా అభ్యంతరమెల్ల ఒక్కటే: ఉన్న మాటను చంపినగాని క్రొత్తమాట రాదా?

ఈ చిక్కు మనకే కాదు. హాంకాంగులో కాంటనీసు మాటలాడువారు తినుటను నోట ‘సిక్’ అందురు. పుస్తకమున వేఱుమాట చదువుదురు. ఆ భాష నేర్వబోవు పరదేశి రెండును నేర్వక తప్పదు. మనదేశమునను 1906 ప్రాంతమున ఉత్తరసర్కారులలో పాఠశాలల పర్యవేక్షకుడుగా నుండిన యేట్సు దొర, పుస్తకపు తెలుగునకును జనుల తెలుగునకును గల భేదము చూచి సందేహపడెను. ఆ సందేహము గిడుగు రామమూర్తి పంతులుగారి (1863–1940) వాడుకభాషోద్యమమునకు ఒక కారణమైనది. అంతకుముందే పంతులుగారు సవరభాషను సవరల నోటినుండియే నేర్చిరి. నోటిమాట విలువ వారికి అట్లు తెలిసినది.

భద్రాచలపు అడవులలోని కోయబిడ్డ కష్టము మఱింత యెక్కువ. ఇంట నీరు ‘ఏర్’, బడిలో ‘నీళ్ళు’, పుస్తకము తెఱచినచో ‘జలము’. గ్రుక్కెడు నీటికి మూడు మెట్లు! మొదటిమెట్టు తప్పని చెప్పిన బిడ్డ తక్కిన రెండును ఎక్కునా?

పెద్దలకు కలుగు హాని తక్కువది కాదు. ఒక ఆసుపత్రిలో మా బంధువగు వృద్ధురాలిని, చేతి కాగితము చూచుచు, ‘మధుమేహము కలదా?’ అని యడిగిరి. ఆమె లేదనెను. ఏండ్లతరబడి షుగరుకు మాత్రలు మ్రింగుచున్న మనిషి! ప్రక్కనున్న కోడలు ‘అత్తమ్మకు షుగరున్నదండీ’ అని చెప్పబట్టి సరిపోయినది. ఆ ముసలమ్మ అబద్ధమాడలేదు. ఆమెకు తెలిసిన మాటతో ఎవరును అడుగలేదు.

కావున ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును మా మనవి యిది. బిడ్డ ‘బర్రె’ అని వ్రాసినచో కొట్టివేయకుడు. దాని ప్రక్కనే ‘గేదె’ అని వ్రాయించుడు. ఏ మాట ఎచ్చట చెల్లునో చెప్పుడు; రెండింటికిని బిడ్డయే యజమాని యగును. ప్రజలకొఱకు కాగితములు వ్రాయువారు ‘మధుమేహము’ ప్రక్కన ‘షుగరు’ అనియు వ్రాయుదురు గాక. భాషకు దానివలన కలుగు లోపము లేదు. ఒక ప్రాణము నిలుచుట మాత్రము కలదు.