నీళ్ళు పట్టే జబ్బూ... మా సిద్దిపేటా!

ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉంటుందంటారు. మా తోడికోడలికి చీపురు పిచ్చి. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడుస్తుంది. ఎదురింటావిడకి తాళం పిచ్చి. మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, తాళం లాగి చూసి గానీ కూరగాయలకి వెళ్ళదు. మరి నాకు? నవ్వనంటే చెప్తాను. నాకు నీళ్ళు పట్టే జబ్బు!

మేముండేది హైదరాబాద్‌లో, అపార్టుమెంటు మూడో అంతస్తులో. పైన ట్యాంకు, కింద సంపు, బోరు, అన్నీ ఉన్నాయి. ఏ పంపు తిప్పినా నీళ్ళు వస్తాయి. అయినా సరే, రాత్రి పడుకునే ముందు ఇంట్లో ఖాళీగా ఉన్న గిన్నె నా కంటబడితే చాలు, దాన్ని నింపి మూత పెట్టందే నాకు నిద్ర పట్టదు. రెండు బకెట్లు, ఒక డ్రమ్ము, మూడు బిందెలు మామూలు లెక్క. ఆ తర్వాత తపేలాలు, గంజులు, టిఫిను డబ్బాలు, చివరికి పాలు కాచే గిన్నె కూడా! పోయిన ఏడాది మా అమ్మాయి ఓ రాత్రి కాగితం, పెన్ను పట్టుకుని లెక్క రాసింది. మొత్తం పందొమ్మిది!

"మన ఇంట్లో దొంగలు పడితే పోలీసుల్ని కాదు, ఈతగాళ్ళని పిలవాలి" అంటారు మావారు.

ఓసారి ఆయన ఆఫీసు మిత్రుడు కుటుంబంతో సహా చెప్పాపెట్టకుండా టిఫిను వేళకు వచ్చారు. ఇడ్లీ పెడదామని ఇడ్లీపాత్ర మూత తీస్తే నిండా నీళ్ళు. కుక్కర్ తీస్తే అందులోనూ నీళ్ళే. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమండీ, మీ కాలనీకి నీళ్ళు రావా?" అని జాలిగా అడిగింది. సరిగ్గా అప్పుడే మావాడు బాత్‌రూంలో షవర్ కింద పాటలు పాడుతున్నాడు! చెప్పొద్దూ, నా తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే ఇంట్లో సభ పెట్టి తీర్మానం చేశారు. దసరాకి అమ్మమ్మ ఊరు వెళ్ళి రాగానే పందొమ్మిదీ ఖాళీ చెయ్యాలి. నేను సరేనన్నాను. సిద్దిపేటలో మా అమ్మ నా తరఫున వకాల్తా పుచ్చుకుంటుందని నా ధీమా.

మావాడు వాళ్ళ నాన్నకి తోడుగా ఉండిపోయాడు. అమ్మాయీ, నేనూ బయల్దేరాం. ఈసారి రైల్లో వెళ్దామంది. మా చిన్నప్పుడు సిద్దిపేటకు రైలంటే వినడానికే వింతగా ఉండేది. 2023 అక్టోబర్ 3న మా ఊరికి మొదటి రైలు వచ్చింది. మేడ్చల్ దాటాక మనోహరాబాద్ దగ్గర పాత లైను వదిలి గజ్వేల్ మీదుగా వెళ్తుంది. వంద కిలోమీటర్లకు పైబడిన దూరానికి మూడు గంటలకు పైనే పడుతుంది. బస్సయితే ముందే దింపేస్తుంది. కానీ కిటికీ పక్కన కూర్చుని పత్తిచేలు, మక్కచేలు, గుట్టలు చూస్తూ పోతుంటే తొందరెవరికండీ?

మూడు గంటల ప్రయాణానికి నేను నాలుగు బాటిళ్ళ నీళ్ళు తెచ్చానని మా అమ్మాయి తల పట్టుకుంది. గజ్వేల్ దాటాక ఎదురు సీట్లో పెద్దావిడ, "బిడ్డా, జెరన్ని నీళ్ళుంటే పోస్తవా?" అని అడిగింది. నేనేమీ అనలేదు. బాటిల్ ఆవిడ చేతికిచ్చి మా అమ్మాయి వంక ఓ చూపు చూశానంతే!

సిద్దిపేట ఇప్పుడు మీరు చూస్తే ముచ్చటపడతారు. 2016 అక్టోబర్ 11న జిల్లా అయ్యాక వెడల్పు రోడ్లు, మధ్యలో చెట్లు, కొత్త కొత్త భవనాలు. కోమటి చెరువు మీద వేలాడే వంతెన, పడవలు, రాత్రయితే రంగురంగుల దీపాలు. కానీ నేను పుట్టి పెరిగిన సిద్దిపేట వేరు. మెదక్ జిల్లాలో ఉన్నప్పటి ఆ ఊళ్ళో మా గల్లీలో అందరి కళ్ళూ ఒక్కదాని మీదే ఉండేవి. అదే బోరింగ్!

తెల్లారకముందే అక్కడ బిందెల వరుస మొదలయ్యేది. మనిషి లేకపోయినా బింద ఉండాలి. బింద లేకపోతే ఇటుక, అదీ లేకపోతే తెగిన చెప్పు! "ఆ చెప్పు మాది, దాని తర్వాత నీది" అని తగవులు. ఇత్తడి బిందకి ఉన్న గౌరవం ప్లాస్టిక్ బిందకి ఉండేది కాదు. ఎండాకాలం వచ్చిందంటే బోరింగ్ చెయ్యి యాభైసార్లు ఊపితే గానీ బింద నిండేది కాదు. నేను ఎక్కాలన్నీ బోరింగ్ కొడుతూనే నేర్చుకున్నాను. నల్లా ఎప్పుడొస్తుందో నల్లాకే తెలియదు. అర్ధరాత్రి గుర్రు గుర్రుమని గాలి వదిలితే చాలు, గల్లీ అంతా లేచి కూర్చునేది.

ఇంట్లో నీళ్ళకి వరసలుండేవి. బియ్యం కడిగిన నీళ్ళు కుడితిలోకి, కూరగాయలు కడిగినవి చిక్కుడు పాదుకి, బట్టలు జాడించినవి వాకిలి చల్లడానికి. ఏ నీళ్ళూ ఒక్క పనితో తప్పించుకునేవి కాదు. ఇప్పటికీ నేను అంతే. మీరూ చేసి చూడండి, బియ్యం కడిగిన నీళ్ళు పోస్తే కరివేపాకు చెట్టు ఎంత నవనవలాడుతుందో.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆటలో పరుగెత్తుతూ చెంబెడు నీళ్ళు ఒలకబోశాను. అమ్మ వచ్చి చెంప మీద ఒక్కటిచ్చింది. అంతకు ముందు అమ్మ నన్ను ఎన్నడూ కొట్టలేదు. చెంబెడు నీళ్ళకా ఇంత కోపం అని ఎన్నేళ్ళో మనసులో పెట్టుకున్నాను. పెళ్ళై ఇద్దరు పిల్లల తల్లినయ్యాక కూడా ఎప్పుడైనా అమ్మ మీద అలక వస్తే, ఆ చెంబే గుర్తొచ్చేది.

సరే, ఇంటికొచ్చాం. అమ్మకి డెబ్భై దాటాయి. ఒక్కతే ఉంటుంది. మా అమ్మాయి చెప్పులు విప్పగానే చేసిన మొదటి పని ఏమిటనుకున్నారు? అమ్మమ్మ ఇంట్లో లెక్క! వాకిట్లో గోలెం, దాని పక్కన గంగాళం, వంటింట్లో బిందెలు, గంజులు, సర్వలు... "అమ్మా, ఇరవై ఆరు! నువ్వు ఓడిపోయావు" అని అరిచింది.

నిజానికి ఇప్పుడు ఆ ఇంట్లో నల్లా రోజూ వస్తుంది. ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం 2016 ఆగస్టు 7న మొదలైంది కూడా ఈ పక్కనే, గజ్వేల్ దగ్గర కోమటిబండలో. "మరింకా ఈ గోలెం ఎందుకమ్మమ్మా?" అంటే అమ్మ నవ్వి, "ఉండనియ్యి బిడ్డా, అదేమన్న అన్నం అడుగుతదా?" అంది. నా వకీలు అంతకంటే వాదించలేదు!

మర్నాడు ముగ్గురం ఆటో మాట్లాడుకుని చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ చూడ్డానికి వెళ్ళాం. మూడు టీఎంసీల జలాశయం అది. 2020 ఏప్రిల్ 24న గోదావరి నీళ్ళు ఇందులోకి వదిలారు. ఎక్కడి గోదావరి, ఎక్కడి మా గుట్టలు! కట్ట మీద నిలబడితే కనుచూపు మేరా నీళ్ళే. మధ్యలో ద్వీపంలా ఓ గుట్ట. నాకు నోట మాట రాలేదు. చెప్పుకి చెప్పు వరస పెట్టి బింద నింపుకున్న ఊరండీ ఇది!

అమ్మ మాత్రం చాలాసేపు చూసి, "మీ మేనత్త వాళ్ళ గోలెం ఇసొంటి నీళ్ళల్లనే ఉన్నది" అంది. మా మేనత్తని ఇచ్చిన ఊరు మల్లన్న సాగర్ కింద మునిగిపోయింది. అది యాభై టీఎంసీలది, 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. దాని కోసం వేములఘాట్, పల్లెపహాడ్ లాంటి ఊళ్ళకి ఊళ్ళే లేచి గజ్వేల్ వైపు కాలనీలకి వెళ్ళిపోయాయి. నీళ్ళ కోసం ఏడ్చిన జిల్లాలోనే నీళ్ళు వచ్చాయని ఏడ్చినవాళ్ళూ ఉన్నారన్నమాట. చిన్నప్పుడు దసరా సెలవుల్లో మా మేనత్త గోలెంలో దిగి స్నానం చేసి తిట్లు తిన్న సంగతి నాకు గుర్తొచ్చింది. ఆ తిట్లు కూడా ఇప్పుడు తీపిగానే ఉన్నాయి.

"ఇన్ని నీళ్ళున్నాయి కదమ్మమ్మా, ఇంకా భయమెందుకు?" అంది మా అమ్మాయి.

"వచ్చిన నీళ్ళు పోవని నీకెవరు కాయితం రాసిచ్చిన్రే?" అంది అమ్మ. టీవీ వార్తలు ఒక్కటీ వదలదు. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగిన సంగతి కూడా చెప్పింది. మా అమ్మాయి నోరు మూసుకుంది.

ఆ సాయంత్రం సద్దుల బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు వరసలు పేర్చి, మీద గుమ్మడిపూవులో గౌరమ్మని పెట్టి కోమటి చెరువుకి బయల్దేరాం. అమ్మ పెట్టె అడుగు నుంచి గొల్లభామ చీర తీసి కట్టుకుంది. మా ఊరి నేత అది. నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మల్ని మగ్గం మీదే నేస్తారు. భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ నేసే చేతులు కొన్నే మిగిలాయి. ఆ బొమ్మని చూపించి, "అమ్మమ్మా, ఈవిడా బోరింగ్ దగ్గర్నుంచే వస్తోందా?" అంది మా పిల్ల. ముగ్గురం పడీపడీ నవ్వాం.

నా చిన్నప్పుడు ఓ కరువేడు చెరువు అడుగంటితే, బతుకమ్మని వదలడానికి బురదలో ఎంతో దూరం నడిచాం. బతుకమ్మ తేలలేదు. బురదలో వాలిపోయింది. అమ్మ చెంబుతో తెచ్చుకున్న నీళ్ళు దాని మీద చల్లి దండం పెట్టింది. ఈసారి మెట్ల మీంచే వదిలాం. తేలుతూ తేలుతూ దీపాల వెలుగులోకి వెళ్ళిపోయింది.

రాత్రి అమ్మ సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు, ఉల్లాకు వేసి కలిపి, సర్వ లోపల అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె వేసి సన్నని సెగ మీద కాల్చాలి. రెండో వాయికి సర్వని బోర్లించి నీళ్ళతో చల్లార్చాలి, లేకపోతే పిండి అంటదు. అమ్మ అలా నీళ్ళు పోస్తుంటే, నవ్వులాటకే అడిగాను. "అప్పుడు చెంబెడు నీళ్ళకి నన్నెందుకు కొట్టావమ్మా?"

అమ్మ చెయ్యి ఆగింది.

"నీకు యాదికున్నదా?" అంది. కాసేపయ్యాక చెప్పింది.

ఆ రోజుకి ముందు రాత్రి మా తమ్ముడికి జ్వరం పేలిపోతోందట. తడిగుడ్డ వేద్దామంటే ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. నాన్న ఊళ్ళో లేరు. నేను నిద్రలో ఉన్నాను. అమ్మ అర్ధరాత్రి బోరింగ్ దగ్గరికి వెళ్ళి కొడితే గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకేం చెయ్యాలో తెలియక పక్కింటి తలుపు తట్టింది. మేమంతా ఖాలా అని పిలిచే ఆవిడ ఒక్క మాటా అడగకుండా లోపలికి వెళ్ళి బింద తెచ్చి ఇచ్చింది. తెల్లారాక గానీ అమ్మకి తెలియలేదు, వాళ్ళింట్లో ఉన్నది ఆ ఒక్క బిందే అని.

"నువ్వు ఒలకబోసినయి ఖాలా నీళ్ళే బిడ్డా. అందుకే చెయ్యి లేసింది. కొట్టినంక నేను గూడ ఏడ్చిన, నువ్వు సూడలె."

ఖాలా వాళ్ళు తర్వాత ఊరు మారిపోయారట. "అప్పటి సంది మనింట్ల గోలెం ఎన్నడూ వట్టిగ లేదు. మనకే కాదు, ఎవరన్న వచ్చి తలుపు కొడితే లేవు అనొద్దని" అంది అమ్మ.

సర్వపిండి మాడు వాసన వచ్చేదాకా ముగ్గురం అలాగే కూర్చున్నాం. ఆ మాడిన వాయి నేనే తిన్నాను. నిజం చెప్తున్నాను, అంత రుచిగా ఎన్నడూ తినలేదు.

ఇన్నేళ్ళూ నాది భయమనుకున్నాను, పిచ్చి అనుకున్నాను. నీళ్ళు అయిపోతాయేమోనని నా భయం, మా అమ్మ మాట ఎవరికైనా లేవనాల్సి వస్తుందేమోనని. గిన్నెలు నింపడం నేర్చుకున్నాను గానీ ఎందుకు నింపాలో ఈ వయసులో నేర్చుకున్నాను. మా అపార్టుమెంటులో పనిచేసే వాచ్‌మన్ కుటుంబం మెట్ల కింద గదిలో ఉంటుంది. పందొమ్మిది గిన్నెలు నింపిన నేను, వాళ్ళ పంపులో నీళ్ళు వస్తున్నాయో లేదో ఏనాడూ అడగలేదు. తిరిగొచ్చాక అడిగాను. పంపు చెడిపోయి నెలైందట, ఆవిడ కింది నుంచి మోసుకుంటోంది. ప్లంబర్‌ని పిలిపించి బాగుచేయించాం. నూటయాభై రూపాయల పని!

ఇక తీర్మానం సంగతి. మాట ఇచ్చాను కాబట్టి ఖాళీ చేశాను. పందొమ్మిదిలో పదిహేను. నాలుగుంచుకున్నాను. ఇడ్లీపాత్రకి విముక్తి లభించింది. ఇప్పుడు మా ఇంటికి చెప్పకుండా వచ్చినా టిఫిను దొరుకుతుంది, ధైర్యంగా రండి!

అన్నట్టు, మా అమ్మాయి సంక్రాంతి తర్వాత ట్రైనింగ్‌కని హాస్టల్‌కి వెళ్ళింది. మొన్న ఫోన్ చేసి, "అమ్మా, ఇవాళ మా హాస్టల్లో మోటార్ కాలిపోయింది. అందరూ గోల. నా దగ్గర మాత్రం రెండు బకెట్లున్నాయి. రూమ్మేట్స్‌కి కూడా పోశాను" అంది గొప్పగా.

"నీకెందుకే రెండు బకెట్లు?" అన్నాను.

"ఏమో, రాత్రి ఖాళీగా కనిపిస్తే నిద్ర పట్టలేదు!"

ఇంతకీ మీ ఇంట్లో ఏ పిచ్చి ఉంది? నవ్వి ఊరుకోకండి. ఈసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు అది ఎక్కడ మొదలైందో అమ్మని ఓసారి అడిగి చూడండి.