చెప్పుకోలేని బాధ

కడుపుతో ఉన్న ఆడపిల్లకు వాంతులైతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. కాళ్లు వాస్తే చూసినవారే అడుగుతారు. విరేచనమై నాలుగు రోజులైందని మాత్రం ఏ కోడలు ఎవరితో చెప్పుకుంటుంది? సోమందేపల్లెలో నా రెండు కాన్పులప్పుడూ నేను ఈ బాధ పడ్డాను. కడుపుబ్బరం, పుల్లత్రేపులు, సంగటి ముద్ద చూస్తేనే విసుగు.

ఇది చాలామంది గర్భిణులకు వచ్చేదేనని నర్సమ్మ చెప్పాక నా మనసు కుదుటపడింది. గర్భం నిలిచాక ఒంట్లో ఎక్కువయ్యే ఒక హార్మోను పేగుల కదలికను నెమ్మది చేస్తుంది. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి పేగులను నొక్కుతుంది. రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ మాత్రలవల్ల కూడా కొందరికి మలం గట్టిపడుతుంది, నల్లగా వస్తుంది. అది చూసి భయపడి మాత్రలు పెరట్లో పారేసేవారున్నారు. మాత్రలవల్ల వచ్చే ఆ నలుపుతో ప్రమాదం లేదు. రక్తం తక్కువైతేనే కాన్పులో తల్లి ప్రాణానికి ముప్పు. నాలుగో నెల నుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. కాఫీ, టీలతో మాత్రం వేసుకోకూడదు.

మా కరువు సీమలో దీనికి మరో రెండు కారణాలున్నాయి. బిందెడు నీళ్ల కోసం బోరింగు దగ్గర నిలబడే ఇల్లాలు మొదట తగ్గించుకునేది తాను తాగే నీళ్లే. ఇక మరుగుదొడ్డి లేని రోజుల్లో చీకటి పడేదాకా ఆపుకునేవాళ్లం. ఆపుకున్నకొద్దీ మలంలోని నీటిని పేగు పీల్చేసుకుంటుంది. తర్వాత ముక్కడం, మొలలు, రక్తం. ఈనాడు ఇంట్లో దొడ్డి ఉన్నా, నీళ్లు లేకపోతే కష్టం తీరదు.

నాకు మేలు చేసినవి చెబుతాను. మా అత్తమ్మ నా కోసం వేరుగా ఒక కూజా నింపిపెట్టి, "పొద్దుగూకేలోపల ఇది ఖాళీ కావల్ల పాపా" అనేది. రోజుకు ఎనిమిది, పది గ్లాసులు తాగాను. తెల్లన్నం తగ్గించి రాగి సంగటి, కొర్రన్నం, అలసందలు, ఆకుకూర పప్పు, జామపండు తిన్నాను. ఒకేసారి కడుపు నిండా కాకుండా కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తిని, తిన్న వెంటనే పడుకోకుండా కాసేపు నడిచేదాన్ని. వారం పదిరోజుల్లో కడుపు తేలికపడింది.

కొందరు పెద్దలు ఆముదం తాగమంటారు. గర్భిణికి అది వద్దు. నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. ఇసబ్‌గోల్ అయినా డాక్టరును అడిగే తీసుకోవాలి. మలంలో రక్తం పడినా, కడుపునొప్పి తగ్గకపోయినా, వాంతులు ఆగకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

సహోదరులారా, మీ భార్య కడుపుతో ఉంటే ఆ బిందె మీరు మోయండి. అత్తలారా, "తిన్నావా?" అని అడిగే నోటితోనే "విరేచనం సాఫీగా అయిందా?" అని కూడా అడగండి. ఆ పిల్ల తనంతట తాను చెప్పదు.