మా బండి తెర మీద మూడే సంగతులు

డాష్‌బోర్డులో కంప్యూటర్ అనగానే గుర్తొచ్చేవి పెద్ద తెర, రంగుల లైట్లు, సీట్లు అదిరే పాటలు. మా బండిలో నేను పెట్టినదాంట్లో పాటల్లేవు, మ్యాపుల్లేవు. వేలితో తాకినా ఏమీ కాదు. ఒక వేడి అంకె, ఒక ఓల్టేజి అంకె, ఒక బాణం. అంతే. మనూర్‌లో మా దోస్తులు చూసి "ఇన్ని నెలలు కూసోని చేసింది ఇదేనా?" అని నవ్వారు. ఆ మూడే ఎందుకో చెప్తాను.

మా బాపు పికప్ నడుపుతాడు. మనూర్, నారాయణఖేడ్, బీదర్ తిరుగుతూ ఉల్లిగడ్డ, సిమెంటు, విత్తనాల బస్తాలు, ఏ కిరాయి దొరికితే అది. పాతికేళ్లుగా స్టీరింగ్ పట్టిన మనిషి. మీటర్లు చూసే అలవాటు మొదటి నుంచీ లేదు. బండిని చెవితోనే నడిపాడు. "బండి మాట్లాడ్తది బిడ్డా, మనం ఇనాలె" అనేవాడు.

రెండేళ్ల కింద ఆ చెవులే మొరాయించాయి. సంగారెడ్డిలో పరీక్ష చేయిస్తే చేతికి ఒక గ్రాఫ్ ఇచ్చారు. లావు శబ్దాల దగ్గర గీత బాగానే ఉంది, సన్న శబ్దాలకు వచ్చేసరికి బావిలో పడ్డట్టు కిందికి దిగిపోయింది. వయసు వల్లా, ఏళ్ల తరబడి మోతలో ఉండటం వల్లా తగ్గే వినికిడి ఇలాగే తగ్గుతుందట. చెవి లోపల సన్న శబ్దాలను పట్టే కణాలు ముందు దెబ్బతింటాయి, మోత దెబ్బ ఎక్కువగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. డాక్టర్ చెవి మిషన్ రాశారు. బండి నడపొచ్చని సర్టిఫికెట్ ఇచ్చాకే బాపు మళ్లీ తాళం పట్టాడు.

మిషన్‌తో మాటలు బాగానే వినపడుతున్నాయి. డీజిల్ ఇంజిన్ మోత మిషన్ లేకపోయినా వినపడుతుంది. గేరు ఎప్పుడు మార్చాలో కాళ్లకే తెలుసు. బాపుకు పోయినవి రెండే చప్పుళ్లు. ఒకటి, ఫ్యాన్ బెల్టు వదులైతే వచ్చే కీచుమనే చప్పుడు. రెండోది, ఇండికేటర్ టిక్ టిక్.

వినడానికి చిన్నవే. కానీ మా బండిలో బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌నీ, ఇంజిన్‌కు నీళ్లు తిప్పే పంపునీ నడిపేది ఆ ఒక్క బెల్టే. కిందటి ఎండాకాలం బీదర్ నుంచి వస్తుంటే అది తెగింది. దారిలో చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లకు బెల్టు అరుపు వినపడింది, బాపుకు వినపడలేదు. మీటర్‌లో చిన్న ఎర్ర దీపం వెలిగే ఉంటుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో అది కనపడలేదు. ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోయింది. పద్దెనిమిది వేల ఖర్చు, పదకొండు రోజులు బండి షెడ్డులో.

ఇండికేటర్‌ది ఇంకా భయం. మలుపు తిరిగితే స్టీరింగే దాన్ని ఆర్పేస్తుంది. ముందున్న ట్రాక్టర్‌ను దాటడానికి కొంచెం పక్కకు తీసినప్పుడు మాత్రం ఆరదు. కుడి ఇండికేటర్ అలా వెలుగుతూనే ఉంటే మన దగ్గర వెనకవాడు దాన్ని "నువ్వు పో" అనే సైగ అనుకుంటాడు, దాటేస్తాడు. ఎదురుగా ఏమొస్తుందో అతనికి కనపడదు.

"బండి అమ్మేద్దాం" అంది అమ్మ. బాపు ఏం మాట్లాడలేదు. ఆ రాత్రి సగం అన్నంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. బండి ఒక్కటి పోవడం కాదు అది, ఆయన పని పోవడం.

మొదట ఫోన్‌తో చూశాం. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, దాని పేరు ఓబీడీ. మాది 2018 మోడల్ బీఎస్-4 బండి, కాబట్టి ఉంది. అందులో ఈఎల్‌ఎం327 అనే చిన్న అడాప్టర్ గుచ్చి ఫోన్‌లో యాప్ పెడితే ఇంజిన్ వివరాలన్నీ వస్తాయి. వచ్చాయి కూడా, పన్నెండు గుండ్రటి మీటర్లు ఒకేసారి. బాపు చూసి "గింతగనం ఎందుకురా? నేనేమన్న ఇమానం నడుపుతున్ననా?" అన్నాడు. పైగా కిరాయి ఫోన్ రాగానే మీటర్లు పోయి పేరు వస్తుంది. అద్దం దగ్గర ఎండలో పెడితే ఫోన్ వేడెక్కి తెర మసకబారుతుంది.

తాళంతో వెలిగి తాళంతో ఆరేది, ఇంకో పనికి వాడనిది, బాపుకు వినపడనివి మాత్రమే చూపించేది కావాలి. అలాంటిది దుకాణంలో దొరకదు. మనమే చేసుకోవాలి.

హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి రాస్ప్‌బెర్రీ పై 4, ఏడు అంగుళాల తెర, మిగతా సామాను తెచ్చాను. రాస్ప్‌బెర్రీ పై అంటే జేబులో పట్టేంత కంప్యూటర్. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పాలని బ్రిటన్‌లో 2012లో 35 డాలర్లకు మొదలుపెట్టారు. ఇప్పుడు మిల్లుల్లో, పొలాల్లో కూడా వాడుతున్నారు.

అసలు తలనొప్పి ప్రోగ్రామ్ కాదు, కరెంటు. పై బోర్డుకు కావాల్సింది నికరంగా 5 ఓల్టులు. బండి ఇచ్చేది పేరుకు 12. సెల్ఫ్ కొట్టినప్పుడు 9, 10కి జారుతుంది, ఇంజిన్ అందుకున్నాక 14 దాటుతుంది. మధ్యలో ఉన్నట్టుండి పెద్ద ఓల్టేజి దెబ్బలూ వస్తాయి. అందుకే బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు, దెబ్బలను మింగడానికి టీవీఎస్ డయోడ్, తర్వాత 12ను 5 చేసే కన్వర్టర్ పెట్టాను. ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగడం అంటే డాష్‌బోర్డులో అగ్గి పెట్టుకోవడమే. ఎవరేం చెప్పినా వినకండి.

రెండో చిక్కు, కంప్యూటర్‌ను టేపురికార్డర్‌లా టక్కున ఆర్పకూడదు. అది మెమొరీ కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే కార్డు చెడిపోవచ్చు. అలాగని ఎప్పుడూ కరెంటు ఇస్తూ ఉంచితే, ఊరికే ఉన్నా రోజుకు ఆరేడు ఆంపియర్-అవర్లు తాగుతుంది. వారం, పది రోజులు బండి కదలకపోతే బ్యాటరీ లేవదు. అందుకని తాళం తీశాక కూడా ఒక నిమిషం కరెంటు పట్టి ఉంచే టైమర్ రిలే పెట్టాను. తాళం పోయి పది సెకన్లయితే కంప్యూటర్ తనంతట తానే పడుకుంటుంది, నిమిషానికి రిలే కరెంటు కోసేస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు తాళం వైరులో కరెంటు క్షణం పాటు పోయినా దానికి పట్టదు. కార్డును కూడా చదవడమే తప్ప రాయకుండా అమర్చాను.

ఇక లెక్కలు. ఇంజిన్ వేడి ఎంత అని అడగాలంటే ఓబీడీలో ‘01 05’ అని పంపాలి. ‘41 05 7బీ’ అని జవాబొస్తుంది. 7బీ అంటే మన లెక్కలో 123. అందులోంచి 40 తీసేస్తే 83 డిగ్రీలు. సున్నా కంటే కింది చలిని కూడా చెప్పాలి కాబట్టి ఆ 40 తీసివేత. ఓల్టేజి అడగడానికి అడాప్టర్‌కే ఒక ఆదేశం ఉంది.

నాకు బాగా నచ్చింది ఈ ఓల్టేజే. ఇంజిన్ నడుస్తుండగా 13 కంటే కిందికి జారితే చార్జింగ్ సరిగా కావడం లేదన్నట్టు, బెల్టు చూడాలన్నట్టు. అంటే ఇంజిన్ వేడెక్కకముందే తెలుస్తుంది. బెల్టు గొంతుతో చెప్పేదాన్ని ఇది అంకెతో చెప్తుంది. సరిగ్గా ఉన్నంతసేపు అంకెలు చిన్నగా, బూడిద రంగులో ఉంటాయి. తేడా వస్తే నల్ల తెర మీద పచ్చగా, అరచేయంత అవుతాయి.

ఇండికేటర్ సంగతి మా బండి ఓబీడీ చెప్పదు. దాని వైరు నుంచే తీసుకోవాలి. ఆ వైరులో 12 ఓల్టులు, పై పిన్నులు తట్టుకునేది 3.3. నేరుగా కలిపితే బోర్డు మాడిపోతుంది. మధ్యలో పీసీ817 అనే చిన్న ఆప్టోకప్లర్ పెడితే ఇటు కరెంటు అటు పోదు, వెలుతురుతో కబురు మాత్రం పోతుంది. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరుతుంది. ప్రోగ్రామ్ వాటిని లెక్కపెడుతుంది. ముప్పై దాటితే బాణం తెర నిండా పరుచుకుంటుంది. రోడ్డు మీద నుంచి చూపు తిప్పక్కర్లేదు, కంటి చివర నుంచే తెలుస్తుంది.

తెర కూర్చోబెట్టడం వడ్రంగి పని. టేపు పెట్టే ఖాళీ 180 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు. నా తెర 194, 110. అందుకని ఖేడ్‌లో సైన్‌బోర్డులు చేసే అన్న దగ్గర నల్ల షీటు కోయించి బయటికి ఫ్రేము కట్టాను. పై బోర్డును తెర వెనక పెట్టలేదు. 80 డిగ్రీలు దాటితే అది తన వేగం తానే తగ్గించుకుంటుంది, మన మే నెల ఎండకు డాష్‌బోర్డు కింద గాలి ఆడే చోటే దానికి మంచిది.

టచ్ ఎందుకు పెట్టలేదని అందరూ అడుగుతారు. అమెరికాలో బ్యూక్ రివియెరా కారులో 1986లోనే టచ్ తెర వచ్చింది. రేడియో మార్చాలన్నా, ఏసీ మార్చాలన్నా కళ్లు రోడ్డు మీద నుంచి తీయాల్సి వస్తోందని జనం విసుక్కున్నారు, 1990కల్లా అది పోయింది. ఇప్పుడు కార్ల నిండా మళ్లీ అవే తెరలు. యూరప్‌లో కార్ల భద్రతకు చుక్కలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, హారన్, వైపర్ లాంటి వాటికి చేతికి తగిలే మీటలు ఉంటేనే పూర్తి మార్కులంటోంది. మన దగ్గర కూడా 2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం దారి చూసుకోవడానికి తప్ప నడుపుతూ వీడియోలు చూడకూడదు. బాపు చెయ్యి స్టీరింగ్ మీదే ఉండాలి. అందుకే తాకడానికి ఏమీ పెట్టలేదు.

అంతా కలిపి పద్నాలుగు వేలైంది, గ్యాస్కెట్ ఖర్చు కంటే తక్కువ. ఈ డబ్బా చేయలేనిదీ ఉంది. వెనక హారన్ కొడితే చెప్పలేదు. దానికి అద్దాలు, చెవి మిషన్, బాపు జాగ్రత్తే దిక్కు. రాత్రి కిరాయిలు మానేశాడు, అది ఆయనే తీసుకున్న నిర్ణయం.

వర్షాకాలం మొదట్లో ఒకరోజు ఓల్టేజి 12.6 దగ్గర పచ్చబడింది. ఖేడ్ దాకా రాకముందే ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు బిగించుకుని వచ్చాడు. ఇంటికొచ్చి నాతో అన్నది ఒక్కటే మాట: "ఇయ్యాల బండి జెప్పింది." అమ్మ ఇప్పుడు అమ్మే మాట ఎత్తడం లేదు.

మీ ఇంట్లో కూడా పెద్దవాళ్లు ఆటోనో, ట్రాక్టరో, బండో నడుపుతుంటే ఒకరోజు ఫోన్ జేబులో పెట్టేసి పక్కన కూర్చోండి. వాళ్లకు ఏది వినపడటం లేదో, ఏది కనపడటం లేదో గమనించండి. ముందు డాక్టర్‌కు చూపించండి. ఏ బోర్డు కొనాలి, ఎంత తెర పెట్టాలి అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.