తాత కట్టిన పన్ను (మా వాడ కాగితాలు - 7)

తాత పోయాక ట్రంకుపెట్టె తెరిచాం. అడుగున నాయనమ్మ పాత చీర ముక్కలో రసీదుల కట్ట. "ఇదే మన పట్టా రా" అనేవాడు. కరణం ముందు చేతులు కట్టుకుని నిలబడి ఏటా కట్టినవి.

డిగ్రీ చదివేటప్పుడు ఆ కట్ట పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసుకెళ్లాను. గుమాస్తా నవ్వాడు.

"పట్టాలు కావయ్యా, బీ-మెమోలు. మీ తాత కట్టింది ఆక్రమణ పన్ను."

రెవెన్యూ భాషలో శివాయి జమా. సర్కారు భూమి దున్నుకున్నవాళ్ల మీద 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద వేసేది. కడితే హక్కు రాదు. కట్టకపోతే జప్తు.

రాళ్లేరి, చెరువు మట్టి తోలి, పంట తీసిన మనిషి కాగితంలో దొంగ. ఆ దొంగ దగ్గరే సర్కారు ఏటా పన్ను తీసుకుంది!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంట్లో అలాంటి కాగితాలుంటే పారేయకండి. అవి హక్కు ఇవ్వవు. కానీ ఆ ఏడు ఆ నేల మీద ఉన్నది మనమేనని సర్కారే రాసిచ్చిన సాక్ష్యం. పేరు, సర్వే నంబరు, ఫసలీ చూడండి. ఫసలీకి 590 కలిపితే ఆ జూలైలో మొదలైన సంవత్సరం తెలుస్తుంది. అసైన్‌మెంట్ దరఖాస్తుకు జత చేయండి.

తాతకు చదువు రాదు. అయినా ఒక్క రసీదూ పోగొట్టలేదు. చదువుకున్న మనం చదవకుండా వదిలేస్తే ఎలా?

జై భీమ్.