లొకేట్ 'లేదు' అంటే నమ్మకండి

మన సంఘం కంప్యూటర్ చూసుకునే పిల్లలకు ఒక మాట. ఉబుంటులో 'లొకేట్' డిస్కు వెతకదు, ముందే రాసిపెట్టిన రిజిస్టరు చూస్తుంది. 'స్లాష్ మీడియా' కింద మౌంట్ అయ్యే పెన్‌డ్రైవ్‌లు, బయటి డిస్కులు మామూలుగా ఆ రిజిస్టరుకు ఎక్కవు. 2001లో గనులు మూతపడినాక మనవాళ్లు దాచుకున్న సర్వీసు కాగితాల స్కాన్లు ఉండేది అట్లాంటి డిస్కులోనే.

మొన్న ఒకమ్మ భర్త కాగితం కోసం వస్తే, లొకేట్ చూసి "లేదమ్మా" అనేశారు. డిస్కు తగిలించే ఉంది! మేము 'ఫైండ్' పెట్టించాము. నిదానమే, కానీ దొరికింది.

ఫైండ్ ప్రతి ఫోల్డరూ తిరుగుతుంది. బంగారపేట జంక్షన్‌లో మారికుప్పం బ్రాంచి లైను పట్టినట్టు, మౌంట్ చేసిన డిస్కులోకీ పోతుంది. రూటు నుంచి వెతుకుతూ 'ఎక్స్‌డెవ్' చేర్చినారంటే మాత్రం జంక్షన్‌లోనే ఆగిపోతుంది; స్కాన్లకు అది వద్దు. డిస్కే తగిలించకుంటే ఫైండ్‌కూ కనపడదు. ముందు 'మౌంట్' అని కొట్టి చూడండి.