బంతి చేతికిచ్చినవాడు

మొన్న నరక చతుర్దశి నాడు తెల్లవారుజామున మా అమ్మ నా నెత్తిన నువ్వుల నూనె కుమ్మరిస్తుంటే, నేను ఒక చేత్తో ఫోన్ పట్టుకుని బేస్‌బాల్ చూస్తున్నాను. "కదలకురా, కళ్ళల్లో పడుద్ది" అంటుంది అమ్మ. కదలకుండా ఎలా ఉంటాం? బేస్‌లు మూడూ నిండాయి, సియాటిల్ బ్యాటింగు. అంతలో బంతి నేల మీద దొర్లుకుంటూ వెళ్ళి ఫీల్డర్ చేతిలో పడింది, ఒకే దెబ్బకి ఇద్దరు అవుటు. దాన్ని డబుల్ ప్లే అంటారు. వరుసగా మూడు ఇన్నింగ్స్‌లో మూడుసార్లు అదే జరిగింది. మూడోదానికి నేను అరిచిన అరుపుకి నాన్న లేచొచ్చి, ఎవరికేమైందోనని కంగారు పడ్డాడు.

నాకీ పిచ్చి అంటించింది మా బావ. అక్కావాళ్ళు సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటారు. బావ అక్కడికి వెళ్ళిన కొత్తలో ఆఫీసువాళ్ళతో మాటలు కలవడానికని మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టాడట. ఇప్పుడు ఆఫీసువాళ్ళే ఈయన మాటలు భరించలేకపోతున్నారని అక్క కంప్లైంటు. ఆయన జట్టు సియాటిల్ మారినర్స్. ఆ జట్టుని ఎంచుకోవడమంటే పెళ్ళిచూపుల్లోనే కష్టాలన్నీ చెప్పేసిన సంబంధాన్ని ఒప్పుకోవడం లాంటిది. 1977లో పుట్టింది. 2001లో 162 మ్యాచ్‌లకి 116 గెలిచి కూడా, వరల్డ్ సిరీస్‌కి ముందు మెట్టు మీద యాంకీస్ చేతిలో ఓడింది. తర్వాత 2022 దాకా ప్లేఆఫ్స్ గడపే తొక్కలేదు. మొత్తం 30 జట్లలో వరల్డ్ సిరీస్ ఒక్కసారి కూడా ఆడనిది ఇదొక్కటే.

2025లో మాత్రం గాలి మారింది. క్యాచర్ కాల్ రాలీ సీజన్‌లో 60 హోమ్ రన్లు కొట్టాడు. మన భాషలో చెప్పాలంటే, రోజంతా వికెట్ కీపింగు చేసి మోకాళ్ళు అరగదీసుకున్నవాడే అందరికన్నా ఎక్కువ సిక్సర్లు కొట్టడం. డెట్రాయిట్‌తో ఆఖరి మ్యాచ్ తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలక పదిహేను దాకా సాగింది. నేను బ్రష్ చేసుకోకుండా కూర్చుంటే మెస్‌లో టిఫిన్ అయిపోయింది, మ్యాచ్ అవలేదు. చివరికి గెలిచారు. ఇంకొక్క సిరీస్, టొరంటో బ్లూ జేస్ మీద, ఏడింటిలో నాలుగు గెలిస్తే చాలు.

మొదటి రెండూ టొరంటోలోనే గెలిచేశారు, 3-1, 10-3. బావ అప్పుడే వరల్డ్ సిరీస్ టికెట్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. అక్క వద్దంది, నోరు మంచిది కాదని. బావ వినలేదు. తర్వాత సొంత ఊళ్ళో 13-4తో ఒకటి, 8-2తో ఒకటి పోయాయి. ఆ 13-4 మ్యాచ్‌కి బావ స్టేడియంలోనే ఉన్నాడు. టికెట్టు ఎంత పెట్టి కొన్నాడో అక్కకి ఇప్పటికీ తెలీదు. (అక్కా, నువ్విది చదువుతుంటే నాకూ తెలీదు.)

ఆ 8-2 మ్యాచ్‌లో ఒక ముచ్చట జరిగింది. టొరంటో పిచ్చర్ మాక్స్ షెర్జర్‌కి 41 ఏళ్ళు. ఐదో ఇన్నింగ్స్‌లో మేనేజర్ అతన్ని తీసేద్దామని మైదానంలోకి నడిచొచ్చాడు. షెర్జర్ ఆయన మొహం మీదే కేకలేశాడు, నేను బయటికి రానని. మేనేజర్ మాట్లాడకుండా వెనక్కి వెళ్ళిపోయాడు. బేస్‌బాల్‌లో ఇదెంత పెద్ద సంగతో తెలియాలంటే ఒక రూల్ చెప్పాలి. మన క్రికెట్లో బౌలర్‌ని ఆపి, నాలుగు ఓవర్లయ్యాక మళ్ళీ పిలవొచ్చు. అక్కడ ఒకసారి బయటికి పంపితే ఆ రోజుకి ఇక అంతే, మళ్ళీ రాకూడదు. అందుకే ఎవర్ని ఎప్పుడు తియ్యాలి, ఎవర్ని దింపాలి అన్నదే మేనేజర్‌కి తలనొప్పి, జనానికి తిండి.

ఐదోది రాలీ, ఆ తర్వాత యూజీనియో సువారెజ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో లాగేశారు. సువారెజ్ కొట్టింది బేస్‌లు నిండి ఉన్నప్పుడు హోమ్ రన్, ఒకే దెబ్బకి నాలుగు పరుగులు. 3-2 ఆధిక్యం. ఆరోది నేను నూనె తలతో చూసింది, 6-2తో పోయింది. ఇక ఏడోది.

ఏడో మ్యాచ్ మనకి దీపావళి మర్నాడు పొద్దున, వాళ్ళకి సరిగ్గా దీపావళి సాయంత్రం. అక్క లక్ష్మీపూజ పెట్టుకుంది. బావ ఫ్రెండ్స్ ఇద్దరు కుటుంబాలతో భోజనానికి వచ్చారు, ఒకాయనది వరంగల్, ఇంకొకాయనది అనంతపురం. నన్ను వీడియో కాల్‌లో పెట్టి ఫోన్‌ని పూలబుట్టకి ఆనించారు. ఒక పక్క హారతి, ఒక పక్క టీవీ, మధ్యలో నేను. ఇక్కడ నా ముందు లాప్‌టాప్‌లో అదే మ్యాచ్ కొంచెం ఆలస్యంగా వస్తోంది. కాబట్టి ఏం జరిగిందో ముందు వాళ్ళ మొహాల్లో చూసి, తర్వాత ఆటలో చూస్తున్నాను.

హూలియో రోడ్రిగెజ్ ఒక హోమ్ రన్, రాలీ ఒకటి. 3-1 మనం ముందు. ఏడో ఇన్నింగ్స్ వచ్చింది. ఇంకా తొమ్మిది అవుట్లు చాలు. బౌలింగు బ్రయన్ వూ. ఒకణ్ణి ఊరికే నడిపించాడు, ఇంకొకడు కొట్టాడు, మూడోవాడు బంతిని మెల్లగా తట్టి తను అవుటై ఇద్దర్నీ ముందుకి జరిపాడు. రెండో బేస్, మూడో బేస్ మీద మనుషులు. బ్యాటింగుకి జార్జ్ స్ప్రింగర్. మూడు రోజుల కింద ఇదే వూ వేసిన బంతి తగిలి మోకాలు పట్టుకుని కుంటుతూ వెళ్ళినవాడు.

సియాటిల్ మేనేజర్ డాన్ విల్సన్ బయటికొచ్చాడు. వూని పంపించి ఎడ్వార్డ్ బజార్డో చేతికి బంతి ఇచ్చాడు.

పూలబుట్ట దగ్గర మొహాలు మూడూ ఒకేసారి రాలిపోయాయి. నా లాప్‌టాప్‌లో బజార్డో ఇంకా రెండో బంతి వేయనేలేదు. వేశాడు. స్ప్రింగర్ కొట్టాడు. ఎడమ పక్క స్టాండ్స్‌లో పడింది. 4-3. నోటిదాకా వచ్చిన ముద్ద. ఆ తర్వాత సియాటిల్‌కి ఒక్క పరుగూ రాలేదు. ఆఖర్న హోఫ్‌మన్ బౌలింగులో హూలియో స్ట్రైకవుట్. అక్కడితో సీజన్ అయిపోయింది.

అసలు ఆట ఆ తర్వాత మొదలైంది. పులిహోర తింటూ రెండు గంటలు వాదించుకున్నారు.

వరంగల్ అన్నయ్య వాదన ఒకటే. "మున్యోజ్‌ని ఎందుకు దింపలే? తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం దాసిపెట్టుడేంది? ఆ ఏడోదే ఇయ్యాల తొమ్మిదోది. వాళ్ళ మేనేజర్‌ని సూడు, స్టార్టర్లను గూడ తీస్కొచ్చి ఏపిచ్చిండు." ఆండ్రెస్ మున్యోజ్ మనవాళ్ళ క్లోజర్, అంటే మన డెత్ ఓవర్ల బౌలర్‌లాంటివాడు. ఏడోలోనే మునిగిపోతే తొమ్మిదో ఇన్నింగ్స్ ఎవరి కోసమని ఆయన బాధ.

అనంతపురం ఆయన ఒప్పుకోలేదు. "బజార్డోను యాలప్పా తిట్టేది? సీజనంతా ఇట్లాంటి చోట కాపాడిందే ఆయప్ప. పదైదు ఇన్నింగ్స్ మ్యాచ్‌లో ఎవురు నిలబడిరి? ఆ బంతికి స్ప్రింగర్ అవుటయింటే, విల్సన్ మొగోడు అందురు మీరే."

ఇంకెవరో, మొదటి బేస్ ఖాళీగా ఉందిగా, స్ప్రింగర్‌ని ఊరికే నడిపించేయాల్సింది అన్నారు. నడిపిస్తే బేస్‌లు నిండుతాయి, కాసేపట్లో గెరెరో వస్తాడు, అప్పుడేం చేస్తారు అని ఇంకొకరు. అసలు నిన్న మూడు డబుల్ ప్లేలు లేకపోతే ఏడో మ్యాచే ఉండేది కాదు కదా అని నేను. దానికి అందరూ నన్ను పిల్లాణ్ణి చూసినట్టు చూశారు. నేనేమో ఊరుకోకుండా ఒక జోకేశాను. "పేరులోనే ఉంది కదా బావా, బజార్డో. బజారున పడేశాడు." అక్క నవ్వింది. వరంగల్ అన్నయ్యా నవ్వాడు.

బావ నవ్వలేదు. అప్పటిదాకా ఏమీ మాట్లాడని మనిషి, ప్లేటు కింద పెట్టి స్కోరు కార్డు గురించి చెప్పాడు. వూ వదిలేసి వెళ్ళిన ఇద్దరు మనుషులున్నారే, హోమ్ రన్ బజార్డో బంతికే అయినా ఆ రెండు పరుగులూ వూ ఖాతాలోకే పోతాయట. స్ప్రింగర్ పరుగొక్కటే బజార్డోది. కానీ ఆధిక్యం ఇచ్చిన పరుగు అదే కాబట్టి ఓడిన పిచ్చర్‌గా అతని పేరే రాస్తారట. "నూట యాభై ఏళ్ళ ఆట రా ఇది. ఎవరి తప్పు ఎంతో పరుగు పరుగుకీ పంచుతారు. ఇంత లెక్క రాసే కార్డులో బంతి చేతికిచ్చినవాడికి మాత్రం గడి లేదు. వేయమంటేనే కదా వాడు వేసింది" అన్నాడు.

నేను నెట్‌వర్క్ సరిగ్గా లేదని చెప్పి కాల్ పెట్టేశాను. నెట్‌వర్క్ బాగానే ఉంది.

సెప్టెంబర్లో మా ఇంటర్ బ్రాంచ్ ఫైనల్ మీలో చాలామంది చూసే ఉంటారు. కెప్టెన్ని నేను. ఆఖరి ఓవర్లో వాళ్ళకి తొమ్మిది కావాలి. టోర్నీ అంతా ఆఖరి ఓవర్లు వేసి గెలిపించింది నా రూమ్మేటే, కాబట్టి బంతి వాడికే ఇచ్చాను. నాలుగో బంతి ఫుల్‌టాస్, మిడ్‌వికెట్ మీదుగా సిక్స్, కప్పు పోయింది. ఆ రాత్రి బ్రాంచ్ గ్రూపులో ఆ ఫుల్‌టాస్ మీద ఎన్ని మీమ్స్ వచ్చాయో మీకు తెలుసు. వాటిలో ఒకదానికి నవ్వుతున్న బొమ్మ పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మీకెవరికీ తెలియనిది ఒకటుంది. ఓవర్‌కి ముందు వాడు నా దగ్గరికొచ్చి, "భుజం పట్టేసిందిరా, స్పిన్నర్‌కి ఇవ్వు" అన్నాడు. "ఒక్క ఓవరేగా, వేసేయ్" అన్నాను. షెర్జర్ బయటికి రానని అరిస్తే మేనేజర్ విన్నాడు. వీడు నా వల్ల కాదని మెల్లగా చెబితే నేను వినలేదు. ఫైనల్ తర్వాత వాడు ఆ మాట ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. నెల రోజులుగా ఒకే రూములో ఉంటూ ఫ్యాన్ స్పీడు గురించీ, ల్యాబ్ రికార్డు గురించీ తప్ప ఏమీ మాట్లాడుకోవడం లేదు. వాడు నెట్స్‌కి రావడం మానేశాడు. సెమిస్టర్ ఒత్తిడి అని నేనే అందరికీ చెప్పాను.

విల్సన్ తప్పు చేశాడా? నాకిప్పటికీ అలా అనిపించదు. అనంతపురం ఆయన చెప్పింది నిజమే, నమ్మినవాడికే ఇచ్చాడు. నేనూ నమ్మినవాడికే ఇచ్చాను. ఇవ్వడం గురించి కాదు నా గొడవ, ఇచ్చాక గ్రూపులో నేను కూర్చున్న తీరు గురించి. కెమెరాలు పెట్టి అడుగుతుంటే విల్సన్ జవాబు చెప్పాల్సి వచ్చింది. నన్నెవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే.

హాస్టల్‌కి తిరిగొచ్చిన రాత్రి బ్రాంచ్ గ్రూపులో రాశాను. ఆ ఓవర్ వాడు వద్దన్నాడు, భుజం నొప్పి అన్నాడు, నేనే బలవంతంగా ఇచ్చాను అని. రాయడానికి గంట పట్టింది, జవాబులు అయిదు నిమిషాల్లో అయిపోయాయి. రెండు బొటనవేళ్ళు, ఒకడు "ఇప్పుడెందుకు బ్రో" అని, వెంటనే ఇంకొకడు రేపటి వైవాకి ఏ యూనిట్లు అని. పక్క మంచం మీద వాడి ఫోన్ వెలిగింది. చదివాడు. ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నాడు.

పది రోజుల తర్వాత వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్ వచ్చింది, టొరంటో, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్. మనకి ఆదివారం పొద్దున. బావ చూడనని ఒట్టేసుకుని, మొదటి ఇన్నింగ్స్ నుంచీ మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు. నేను లాప్‌టాప్ సౌండు తగ్గించుకుని చూస్తుంటే వాడు లేచి, మొహం కూడా కడుక్కోకుండా నా మంచం చివర కూర్చున్నాడు. అమ్మ కట్టిచ్చిన అరిసెల డబ్బా మధ్యలో పెట్టాను. వాడికి బేస్‌బాల్ తెలీదు. మూడు స్ట్రైకులంటే ఏంటో, ఎందుకు ఎవరూ రెండువైపులా కొట్టరో అడుగుతుంటే చెబుతూ వచ్చాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో టొరంటో 4-3 ముందుంది, ఇంకో రెండు అవుట్లు చాలు. బౌలింగు ఆ హోఫ్‌మనే, మన హూలియోని అవుట్ చేసినవాడు. బ్యాటింగుకి మిగెల్ రోహాస్, పెద్దగా హోమ్ రన్లు కొట్టే మనిషి కాదు. కొట్టాడు. స్కోరు సమం. బావ దగ్గర్నుంచి వరసగా పది మెసేజ్‌లు.

కెమెరా హోఫ్‌మన్ మొహం మీద ఆగింది. మా వాడు అరిసె నములుతూ కాసేపు ఆ మొహాన్నే చూశాడు.

"వీడికి బంతి ఎవడిచ్చాడ్రా?" అన్నాడు.

"మేనేజరు."

"ఏడీ, చూపించరే?" అని, డబ్బా వాడి వైపు లాక్కున్నాడు.