శుక్రవారపు సేద్యం

గల్ఫ్ వలస అనగానే సాహిత్య పాఠకులకు బెన్యామిన్ 2008లో మలయాళంలో రాసిన ‘ఆడుజీవితం’ గుర్తుకు వస్తుంది. ఎడారిలో మేకల మధ్య చిక్కుకుపోయిన మనిషి కథ అది. ఆ వేదన పక్కనే, కథల్లోకి అంతగా రాని మరొక జీవితం ఉంది. వారానికి ఒక్కరోజు సెలవు దొరికిన రైతు ఆ రోజును ఏం చేసుకుంటాడన్నది.

దోహాకు నైరుతి దిక్కున ఉన్న ఇండస్ట్రియల్ ఏరియాలో వీధులను అంకెలతోనే పిలుస్తారు. గ్యారేజీలు, గోదాములు, వాటి నడుమ కార్మికుల క్యాంపులు. 2020 మార్చిలో కరోనా వ్యాపించినప్పుడు 1వ వీధి నుంచి 32వ వీధి దాకా మూసివేసింది ఇక్కడే. ఊళ్ళో రైతు అయినవాడు ఇక్కడి కార్డు మీద మేస్త్రీ, హెల్పర్, డ్రైవర్.

సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ శుక్రవారం తెల్లవారుజామునే లేస్తాడు. వంటగది వెనక గోడ పక్కన ఖాళీ రంగు డబ్బాలు వరుసగా ఉంటాయి. గోంగూర, తోటకూర, పుదీనా, నాలుగు టమాట మొక్కలు, ఒక కరివేపాకు. ఇక్కడి నేల సున్నపురాయి, ఉప్పు. ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 80 మిల్లీమీటర్లు. అందుకే మట్టిని కొని తెచ్చి, కూరగాయల తొక్కలు, వాడిన టీపొడి కలిపి ఏళ్ళ తరబడి మెత్తబరిచాడు. నీరు ఏసీలది. ఆగస్టు ఉక్కలో గొట్టాల నుంచి బొట్లు ఆగకుండా పడతాయి కాని, ఆ ఎండకు మొలకలు నిలవవు. విత్తనం వేయదగిన చలికాలం వచ్చేసరికి ఏసీలు ఆగిపోతాయి. అప్పుడు గదిలోని పన్నెండుమందీ బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకుండా బకెట్టులో పోస్తారు. సాయంత్రం ఆ గోంగూర పప్పులో పడినప్పుడు ఎవరికీ వాటా అడగవలసిన పని ఉండదు.

మధ్యాహ్నం అతడి అసలు సేద్యం మొదలవుతుంది. భార్య ఫోను పట్టుకొని ఊరి చెలకలో నడుస్తుంది. రెండెకరాలు. గట్టు ఎక్కడ తెగిందో, మామిడి మొక్కలకు చెదలు పట్టిందో లేదో తెర మీద చూసి చెబుతాడు. మొదటి బోరు ఎండిపోయింది. రెండోదానికి అప్పు తేవాలా, మరో రెండేళ్ళు ఇక్కడే ఉండాలా అన్నది ఇంట్లో తెగని మాట. “నువ్వు వస్తే నీళ్ళు వస్తయా?” అని ఆమె ఒకసారి అడిగింది. అతడు జవాబివ్వలేదు. గట్టు చూపించమన్నాడు.

చలికాలంలో ఎప్పుడైనా నలుగురు కలిసి పికప్‌లో ఉత్తరానికి, అల్ ఖోర్ దాటి అల్ తఖీరాకు వెళతారు. అక్కడ ఉప్పునీటిలో మడచెట్లు పచ్చగా నిలబడి ఉంటాయి. కాకినాడ దగ్గరి కోరంగి అడవిలో పెరిగే తెల్లమడ జాతే అది. పులికాట్‌కు వచ్చినట్టే ఇక్కడికీ ఫ్లెమింగోలు వస్తాయి. గోదావరి జిల్లా కుర్రవాడు బురదలో పీతల బొరియలు వెతుకుతాడు. మేస్త్రీ చెట్ల వైపు చూస్తాడు. ఉప్పును వేరు దగ్గరే చాలావరకు ఆపి, మిగిలినదాన్ని ఆకుల మీదుగా విసర్జించి బతికే చెట్టు.

దారిలో కనిపించే గాఫ్ చెట్టు అతడికి కొత్తది కాదు. అది మన జమ్మి. దసరాకు ఊళ్ళో ఆకు కోసి బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కే చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. నీటి కోసం వేరును పాతాళం వైపు పంపుతుంది గనుక రెండు చోట్లా బతుకుతుంది.

క్యాంపు నేల అతడిది కాదు. గోడ పక్కన సామాను ఉండరాదని ఒక్క ఆదేశం వస్తే డబ్బాలన్నీ ఒక పూటలో పోతాయి. లోగడ ఒకసారి పోయాయి కూడా. అయినా ఈసారి గోంగూరలో రెండు మొక్కలను కోయకుండా ముదరనిచ్చాడు. కాయలు ఎండాక విత్తనాలను రెండు పొట్లాలు కట్టాడు. ఒకటి పక్క మంచం కరీంనగర్ కుర్రవాడికి. రెండోది పెట్టెలో, పాస్‌పోర్టు కింద.